రాని కాగితం

చిరంజీవి బుల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నాన్నా, నానమ్మా క్షేమం. ఆ మాట రాసి కాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను. ముగ్గురికీ ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాం, కాబట్టి అది అబద్ధం కాదు. నువ్వూ అక్కడ క్షేమమనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన శనివారం అందింది. మీ హాస్టల్లో ఆదివారం ఇచ్చే ఆ గంట ఫోను నానమ్మకే చాలదు. "తలకి నూనె పెట్టుకుంటున్నావా" దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. మనిద్దరికీ ఉత్తరాలే నయం. పైగా ఫోన్లో అయితే నా గొంతు విని "ఏమైందమ్మా" అంటావు. అప్పుడు ఏమీ కాలేదంటాను. అందుకే రాస్తున్నాను.

నానమ్మ తుంటి నొప్పి తగ్గింది. చేతికర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి వస్తోంది. నడవడానికి కంటే మనుషుల్ని చూపించి మాట్లాడటానికే ఆ కర్ర ఎక్కువగా వాడుతోంది. నాన్నకి కొత్త మూడంతస్తుల ఇంట్లో వైరింగు పని దొరికింది. సాయంత్రం కనుబొమల నిండా సిమెంటు దుమ్ముతో వస్తాడు. వంటింటి కుళాయి కారడం ఆగింది. ఇవీ ఇంటి కబుర్లు.

ఇక నువ్వు అడిగిన మూడు ప్రశ్నలు. మొదటిది: పైథాన్ కోసం వేరొకరు రాసిపెట్టిన మాడ్యూల్‌ని ఇన్‌స్టాల్ చేశాను, అయిపోయిందని అదే చెప్పింది, తీరా ప్రోగ్రాం నడిపితే అలాంటి మాడ్యూలే లేదంటోంది, ఎవరి మాట నమ్మాలి అని రాశావు. ఇద్దరి మాటా నిజమే. మీ ల్యాబు కంప్యూటర్లో పైథాన్ ఒకటి కాదు, రెండు ఉండి ఉంటాయి. నువ్వు ఒకదానిలో పెట్టావు, నడుపుతున్నది రెండోదాన్ని. చీర ఒక బీరువాలో దాచి ఇంకో బీరువాలో వెతికితే ఎంతసేపు వెతికినా దొరకదు. నీ ప్రోగ్రాం మొదట్లో, నువ్వు ఎక్కడి నుంచి నడుస్తున్నావు అని పైథాన్‌నే అడిగే ఒక లైను రాయి. అది చెప్పిన చోటే మాడ్యూల్‌ని ఇన్‌స్టాల్ చెయ్యి. ఊహించి పదిసార్లు ఇన్‌స్టాల్ చేసే కంటే ఒక్కసారి అడగడం మేలు.

రెండోది: పాచికల ఆట రాస్తుంటే 'రాండమ్' మాడ్యూల్ దొరుకుతోంది గానీ, అందులో నీకు కావలసిన పేరు మాత్రం లేదంటోందని రాశావు. నీ ఉత్తరంలో అతికించిన ప్రింటు ముక్క పై అంచున నీ ఫైలు పేరు కనిపించింది. దానికి కూడా రాండమ్ అనే పేరు పెట్టావు తల్లీ. పైథాన్ ఏ పేరునైనా ముందు నీ ఫోల్డర్లోనే వెతుకుతుంది. అక్కడ నీ ఫైలే కనిపించింది, దాన్నే పట్టుకొచ్చింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత నీ కోసమే పుట్టింది. ఫైలు పేరు మార్చు. పక్కనే దానంతట అది పుట్టిన పాత ఫోల్డరు ఒకటి ఉంటుంది, అదీ తీసెయ్యి. ఇంకా 'ఈ పేరు నాకు తెలియదు' అంటే, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా ఉందేమో చూడు. లేదా ఆ పేరు పుట్టే లైను కంటే ముందే దాన్ని వాడావేమో చూడు. తెర మీద తప్పు చూపించే ఎర్రక్షరాలు కనిపించగానే కంగారు పడకు. అన్నిటికంటే చివరి లైను ముందు చదువు. అసలు సంగతి అక్కడే ఉంటుంది.

మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి టీ పెట్టుకు వస్తానని లేచాను. టీ చల్లారిపోయింది. ఇప్పుడు మళ్ళీ కూర్చున్నాను.

నువ్వు రాసింది ఇది: "అమ్మా, నా పక్క మంచం అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఇంపోర్ట్ లైనుని 'ట్రై'లో పెట్టి, కుదరకపోతే 'పాస్' అని రాసెయ్యమంది. రాశాను. ఎర్రక్షరాలు నిజంగానే పోయాయి! ఇది తప్పా?"

ఆ లైనుకి అర్థం ఏమిటంటే: ఈ మాడ్యూల్ దొరికితే తెచ్చుకో, దొరక్కపోతే నోరు మూసుకుని ముందుకు వెళ్ళు. ఎర్రక్షరాలు పోవడమైతే పోతాయి. మాడ్యూల్ మాత్రం రాదు. దానితో పని పడేదాకా ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. పని పడిన రోజు, ఆ పేరు ఏమిటో తెలియదని మధ్యలో ఆగిపోతుంది. తప్పా అని అడిగావు కదా. ఇప్పుడు ఒకటి చెబుతాను. చదివాక నీకు ఏమనిపిస్తే అది అనుకో.

మా డయాలసిస్ కేంద్రం నీకు తెలుసు. పన్నెండు కుర్చీలు, పన్నెండు మిషన్లు. రోజూ మూడింటికి నా ప్రోగ్రాం మర్నాటి జాబితా తీస్తుంది, ఎవరు ఎన్నింటికి రావాలో ఒక్కొక్కరికీ ఫోనుకి మెసేజీ పంపుతుంది. ఎవరికైనా మెసేజీ అందకపోతే, వాళ్ళ పేర్లతో చివర్లో ఒక కాగితం ముందు గదిలో ప్రింటవుతుంది. రిసెప్షన్ అక్క ఆ కాగితం చూసి వాళ్ళకు స్వయంగా ఫోను చేస్తుంది. నువ్వు చిన్నప్పుడు సెలవుల్లో వస్తే తన కుర్చీలో కూర్చోబెట్టి స్టాంపులు వేయించేదే, ఆమే. అందరికీ అందిన రోజు కాగితం రాదు.

నాలుగు నెలల కిందట పాత కంప్యూటరు తీసి కొత్తది పెట్టారు. ప్రోగ్రాములన్నీ కొత్తదానిలోకి నేనే మార్చాను. నడిపి చూస్తే ఒక మాడ్యూల్ లేదంది. అది బయటిది కాదు, నేను రాసిందే. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు బాగుచేసే రోజున కేంద్రం మూస్తారు. ఆ రోజు వంతు ఉన్నవాళ్ళని ముందు రోజుకి మార్చే చిన్న మాడ్యూల్. దాన్ని పాత కంప్యూటరు నుంచి తెచ్చుకోవడం మరిచాను. తేవాలంటే పాతదాన్ని పెట్టిన స్టోరు గది తాళం తీయించాలి. అప్పుడే నాన్న ఫోను చేశాడు, నానమ్మ బాత్రూంలో పడిందని. నేను 'ట్రై' అని రాసి, కింద 'పాస్' అని రాశాను. జాబితా వచ్చింది. బ్యాగు తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. రేపు సరిచేద్దామనుకున్నాను. ఆ రేపు రాలేదు. నానమ్మ ఆపరేషను, ఎక్స్‌రేలు, తర్వాత మరిచేపోయాను. మూడు నెలలు ప్లాంటు జోలికి ఎవరూ వెళ్ళలేదు, ప్రోగ్రాం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

పోయిన నెలలో ఒక గురువారం ప్లాంటు బాగుచేయడానికి మూశారు. ఆ రోజు రావలసిన ఆరుగురిని బుధవారం సాయంత్రానికి మార్చి, మంగళవారం మూడింటికే మెసేజీలు పంపాలి. మామూలు వాళ్ళకి వెళ్ళాయి. ఆరుగురిలో మొదటి మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ మాడ్యూల్ కావలసి వచ్చింది. పేరు తెలియదని ప్రోగ్రాం ఆగిపోయింది. చివర్లో రావలసిన కాగితం కూడా రాలేదు. కాగితం రాలేదు కాబట్టి అందరికీ అందాయనుకుంది రిసెప్షన్ అక్క. బుధవారం సాయంత్రం నోటీసు బోర్డు చూసుకున్న ఇద్దరు మాత్రం వచ్చారు. నర్సు ఆరున్నర దాకా ఉండి, మిగతా వాళ్ళని శుక్రవారానికి మార్చారేమో అనుకుని మిషన్లు ఆపేసింది.

మిగిలిన నలుగురిలో ముగ్గురు ఎలాగో సర్దుకున్నారు. నాలుగో ఆయన దర్జీ. అరవై దాటాయి, ఒంటరి మనిషి. గురువారం పొద్దున బస్సు దిగి వచ్చి చూస్తే గేటుకి తాళం. వాచ్‌మన్ "రేపు రండి" అన్నాడు. ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. ఒంట్లో నీరు చేరి ఊపిరి అందడం లేదు. ఆరు రోజులు పెద్ద వార్డులో ఉంచారు. బతికాడు. కుడిచేయి మాత్రం వణుకుతోందని తర్వాత విన్నాను.

ఆ శుక్రవారమే కంప్యూటరు తెరిచి చూశాను. మంగళవారం మూడు గంటల రెండు నిమిషాలకి ఆ పేరు తెలియదంటూ ఒకే ఒక్క లైను పడి ఉంది. స్టోరు గది తాళం తీయించాను, పాత కంప్యూటరు నుంచి ఫైలు తెచ్చాను, 'ట్రై', 'పాస్' చెరిపేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఎవరూ చూడలేదు.

సోమవారం విచారణ పెట్టారు. పెద్ద డాక్టరు గారు, ఆఫీసు మేనేజరు, నర్సు, రిసెప్షన్ అక్క, నేను.

"ఆరుగురికి ఫోన్లు ఎందుకు చేయలేదు?" అన్నాడు మేనేజరు.

"కాగితం రాలేదండీ," అంది ఆమె. "కాగితం రాకపోతే అందరికీ మెసేజీ అందినట్టే కదండీ. ఏడేళ్ళ నుంచీ అంతేగా."

"ప్లాంటు బాగుచేస్తారని నోటీసు మీ వెనక గోడ మీదే ఉందిగా. మీకు అనుమానం రాలేదా?"

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు, సాక్ష్యానికి పిలిచినట్టు. "మేడమ్‌ని అడగండి. కాగితం రాకపోతే నేనేమనుకోవాలో ఆవిడే చెబుతారు."

పెద్ద డాక్టరు గారు నన్నడిగారు, ప్రోగ్రాములో ఏమైనా తేడా ఉందా అని.

"ఇప్పుడు ఏ తేడా లేదండీ," అన్నాను.

అబద్ధం కాకుండా చూసుకున్నాను బుల్లీ. 'ఇప్పుడు' అన్న మాటని వెతికి పట్టుకుని మరీ ముందు పెట్టాను. అది ఎవరూ పట్టించుకోలేదు. రిసెప్షన్ అక్క నీళ్ళ సీసా తీసుకుని, కుర్చీ లోపలికి జరిపి, బయటికి వెళ్ళింది. ఆ సాయంత్రానికి ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు.

తర్వాత నాకేమీ అనిపించలేదు. నువ్వు నమ్మవేమో గానీ నిజం. తేలు కుట్టిన దొంగలా ఉంటుందనుకున్నాను, అదీ లేదు. పొద్దున లేచేదాన్ని, కూర తరిగేదాన్ని, బస్సెక్కేదాన్ని. ఒకరోజు ఇస్త్రీపెట్టె అంచు మణికట్టుకి తగిలింది. కాలిన వాసన వచ్చాక చెయ్యి తీశాను. ముందు గదిలో కొత్తామె కూర్చుంది. నేను ఆ గది గుండా నడవకుండా వెనక మెట్ల మీంచి పోవడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో నానమ్మే పసిగట్టింది.

"నా కొడుకుతో దెబ్బలాడావా?" అంది.

"లేదత్తయ్యా."

"మరి ఆ మొహం ఏమిటి, ఖాళీ చేసిన అద్దె ఇల్లులా?"

నవ్వాను. నవ్వాలని గుర్తొచ్చి నవ్వాను.

అలా మూడు వారాలు గడిచాక శనివారం నీ ఉత్తరం వచ్చింది. మూడో ప్రశ్న చదివాను. మడిచి డ్రాయరులో పెట్టాను. తీసి మళ్ళీ చదివాను. నువ్వు ఎర్రక్షరాలు పోయాయని సంతోషంగా రాశావు, నన్ను అడిగావు, నేను తప్పంటే తప్పని నమ్ముతావు. నీతులు చెప్పడానికి నాకు నోరెక్కడిది?

ఆ సాయంత్రం వంటింట్లో నాన్నకి చెప్పాను. ఆయన పొయ్యి కట్టేశాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఆవిడని పంపేసి పంతొమ్మిది రోజులు."

"పంతొమ్మిది రోజులూ నా పక్కనే కూర్చుని తిన్నావు."

"ఊఁ."

గిన్నె దించి, "సోమవారం నేనూ రానా?" అన్నాడు. వద్దన్నాను. అయినా బస్టాపు దాకా వచ్చి, నేను ఎక్కిన బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

పెద్ద డాక్టరు గారికి మంగళవారం పడ్డ ఆ లైను ప్రింటు తీసి ఇచ్చాను. నేను రాసిన 'పాస్' ఏమిటో, ఎప్పుడు రాశానో, ఎప్పుడు చెరిపానో ఒక కాగితం మీద రాసి కింద సంతకం పెట్టాను. నానమ్మ సంగతి రాయలేదు. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇప్పుడు చెప్పడం వల్ల ఏమొస్తుందమ్మా? ఆ విచారణ ఫైలు మూసేశాం," అన్నారు.

"ఆవిడ పేరు ఆ ఫైల్లోనే ఉందండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "విచారణలో నేను మిమ్మల్ని సూటిగానే అడిగాను."

"అడిగారండీ."

"మీ మాట మీదే ఆవిడని పంపేశాను."

గురువారం కాగితాలు వచ్చాయి. రిసెప్షన్ అక్కని తిరిగి రమ్మని ఒకటి. నన్ను రెండు నెలలు కేంద్రంలో అడుగు పెట్టవద్దని ఒకటి. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో అప్పుడు చెబుతారట. చెప్పేస్తే గుండె బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. బరువుగా ఉన్నట్టూ లేదు.

నిన్న ఆమె ఇంటికి వెళ్ళాను. మేడ మీద ఒకటే గది, బయట తీగ మీద బట్టలు. ఆమె తలుపు తీసి, పక్కకి జరిగి, కుర్చీ చూపించింది. నేను నిలబడే చెప్పాను, మొత్తం. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. ఆరిన దుప్పటి మడత పెడుతూ విన్నది.

"నాకు తెలుసు మేడమ్," అంది. "కాగితం రాలేదంటే మీ దగ్గరే ఏదో అయ్యుండాలి. నా దగ్గర ప్రింటరు తప్ప ఏముంది? మీరు వస్తారని మొదటి వారం చూశాను. రెండో వారం కూడా చూశాను. తర్వాత మానేశాను."

"తిరిగి వస్తున్నారు కదా?"

"తెలీదు. ఆ గదిలో అందరూ తల దించుకుని కూర్చున్నారు ఆ రోజు. మళ్ళీ వాళ్ళకే పొద్దున్నే నమస్కారాలు పెట్టాలి." దుప్పటి మంచం మీద పెట్టింది. "ఇప్పుడు నా కుర్చీలో ఎవరున్నారు?"

"కొత్తావిడ."

"ఆవిడకి చెప్పండి, రిటైరైన టీచరు గారికి కుడిచెవి వినపడదు. ఫోను ఎడమచెవికి మార్చుకోమని ముందు చెప్పి, తర్వాత విషయం చెప్పాలి. రెండో కుర్చీ ఆవిడ 'వస్తాను' అంటే రాదు, 'చూస్తాను' అంటే వస్తుంది. దర్జీ గారు కుట్టుమిషను చప్పుడులో ఫోను వినరు. కింద పచారీ కొట్టుకి చేస్తే వాళ్ళు పైకి కేకేస్తారు. ఆ కొట్టు నంబరు నాకే తెలుసు."

అక్కడ ఆగిపోయింది. మంగళవారం ఆ కాగితం వచ్చి ఉంటే ఆమె ఆ కొట్టుకి ఫోను చేసి ఉండేది. ఆ మాట ఇద్దరమూ పైకి అనలేదు. నేను బయల్దేరినప్పుడు ఆమె మెట్ల దాకా రాలేదు. తలుపు మాత్రం నేను కిందికి దిగేదాకా వేయలేదు.

అక్కడి నుంచి, జాబితాలో చూసి గుర్తున్న దర్జీ గారి చిరునామా పట్టుకుని, నేరుగా ఆ పచారీ కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన పైకి కేకేశాడు. దర్జీ గారు పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. నేను ఎవరో ఆయనకి తెలియదు. నా పని ఎప్పుడూ వెనక గదిలోనే కదా. ఎవరినో చెప్పాను, ఏం చేశానో చెప్పాను. కంప్యూటరు మాటలు లేకుండా చెప్పాను. మీకు కబురు అందకపోవడానికి కారణం నేను అన్నాను.

ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"అయితే ఆ వాచ్‌మన్ తప్పేం లేదన్నమాట," అన్నారు. "పాపం, ఇన్నాళ్ళూ అతన్ని తిట్టుకుంటున్నాను."

నన్ను తిట్టలేదు. పరవాలేదని కూడా అనలేదు. కొట్టాయన తూకం ఆపి మా వైపే చూస్తున్నాడు.

"సోమవారం నా వంతు ఎన్నింటికమ్మా?" అని అడిగారు ఆయన. "మెసేజీ ఇంకా రాలేదు."

తొమ్మిదేళ్ళ నుంచి ఎవరి వంతు ఎప్పుడో చెప్పడమే నా పని బుల్లీ. "తెలియదండీ," అన్నాను. "ఇప్పుడు నేను చూడకూడదు."

"సరే, ఆ రిసెప్షన్ అక్కనే అడుగుతాలెండి," అని ఆయన జేబులోంచి ఫోను తీశారు. చెయ్యి వణికి ఒక అంకె తప్పు నొక్కారు. మళ్ళీ మొదటి నుంచి నొక్కారు. నేను నొక్కి ఇస్తానని చెయ్యి చాపలేదు. ఆయన పూర్తిగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, ఆ పక్క ఎత్తేదాకా అక్కడే ఉన్నాను.

మూడో ప్రశ్నకి ఇదే నా జవాబు. 'ట్రై', 'పాస్' రెండూ తీసెయ్యి. ఎర్రక్షరాలు మళ్ళీ వస్తాయి, రానీ. ఈ సంగతి నానమ్మకి చెప్పకు. తను పడటం వల్లే ఇదంతా అనుకుంటుంది, అది నిజం కాదు. వచ్చే ఆదివారం ఫోన్లో నాతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడు. లేకపోతే నానమ్మతోనే మాట్లాడు, నేను పక్కన కూర్చుని వింటాను.

ఇట్లు,
మీ అమ్మ